ఉప్పు ఋణము - కంపెనీ న్యాయాధికారి

ఉప్పు తిన్న యింటికి కీడు తలపెట్టరాదని మన పెద్దలు పిల్లలకు నేర్పుదురు. ఆ నీతి మంచిదే. కాని తిన్న యుప్పు ఎవరిదో ముందుగా తెలిసికొనవలయును. ఈ విచారణ మిక్కిలి యవసరమైన ఉద్యోగమొకటి నేడు మన మధ్య పెరుగుచున్నది. అది కంపెనీలలో నెలజీతముపై పనిచేయు న్యాయాధికారి యుద్యోగము.

రేణిగుంటను జనులు చిరకాలముగా రైలుదారుల కూడలి యనియే యెఱుగుదురు. ఇప్పుడచట విమానాశ్రయము చెంత ఎలక్ట్రానిక్ వస్తువుల కర్మాగారములు వెలసినవి. ఆ మండలముననే కరకంబాడిలో అమరరాజా వారి బ్యాటరీల కర్మాగారము గలదు. 2021 ఏప్రిల్ కడపట రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ సంస్థ కర్మాగారములను మూయుమని ఉత్తరువు చేయగా, మే నెలలో హైకోర్టు దానిని తాత్కాలికముగా నిలిపివేసెను. ఆ తగవున తప్పొప్పులు తేల్చుట మన పని కాదు. అట్టి తాఖీదు ఏ కంపెనీకి వచ్చినను, అచటి న్యాయాధికారి యెదుట రెండు ప్రశ్నలు నిలుచును: దీనికి జవాబెట్లు చెప్పవలెను? ఇందు నిజమెంత? మొదటి ప్రశ్నకే జీతమిచ్చుచున్నామని పై యధికారి తలచును. రెండవదానిని అడుగువాడు లేనిచో, మొదటిదానికి వచ్చు జవాబు వట్టి మాటనేర్పు మాత్రమే యగును.

ఇతని స్థితి చిత్రమైనది. పూర్తికాలపు జీతమునకు కుదిరిన వాడు వకీలుగా వృత్తి సాగింపరాదని భారత న్యాయవాదుల మండలి నియమము. కోర్టు వకీలు నచ్చని వ్యాజ్యమును వదలి వేఱొకదానిని చూచుకొనగలడు. ఇతనికి కక్షిదారుడొక్కడే, అన్నదాతయు నతడే. 2025 అక్టోబరు 31వ తేదీని సుప్రీంకోర్టు, వకీలునకును కక్షిదారునకును నడుమ నడచు మాటలకు సాక్ష్యచట్టమిచ్చు రహస్యరక్షణ జీతపు న్యాయాధికారికి చెల్లదని తీర్పు చెప్పెను. జీతమునకు లోబడినవానికి వకీలునకుండు స్వాతంత్ర్యము లేదనుటయే దాని కారణము. స్వాతంత్ర్యము లేనివాని నుండి ధర్మమును ఆశించుట న్యాయమా?

న్యాయమే యని నా యభిప్రాయము. విశాఖపట్టణమున జరిగినది చూడుడు. 2020 మే 7వ తేదీ తెల్లవాఱుజామున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి పండ్రెండుగురు మరణించిరి. తమ ఉత్పత్తికి సరియైన పర్యావరణానుమతి లేదని ఆ కంపెనీయే 2019 మే నెలలో ప్రమాణపత్రమున ఒప్పుకొనియుండెను. ఆవిరి వెలువడుటకు అనుమతి లేమియే కారణమని చెప్పజాలము. అయినను ఒక పాఠము స్పష్టము: లోపమును కాగితముపై వ్రాసినంత మాత్రమున చట్టమును పాలించినట్లు కాదు. నిజము వ్రాయుట సగము పని; అనుమతి వచ్చువఱకు పని నిలుపుడని డైరెక్టర్లకు చెప్పుట తక్కిన సగము.

అట్లు చెప్పుట స్వామిద్రోహము కాదా యని కొందఱందురు. ఇచటనే ఉప్పు ఎవరిదన్న ప్రశ్న వచ్చును. చట్టము దృష్టిలో కంపెనీ వేఱొక వ్యక్తి. దాని నడుపు పెద్ద యధికారియు దాని సేవకుడే. 2009 జనవరి 7వ తేదీని హైదరాబాదు సత్యం కంపెనీ అధ్యక్షుడు, లెక్కలలో చూపిన ధనములో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని లేఖలో ఒప్పుకొనెను. ఆ లెక్కలను పెంచుటకు తోడ్పడినవారు అధ్యక్షుని మాట నిలిపిరి, కంపెనీని ముంచిరి. యజమాని కోరిక వేఱు, యజమాని మేలు వేఱు.

మఱియొక యాక్షేపణ గలదు. తాను చెప్పినదెల్ల న్యాయాధికారి బయటపెట్టునన్న భయమున్నచో ఎవ్వరును అతనికి నిజము చెప్పరు. ఇది యథార్థము. కాని జరిగిపోయిన తప్పునకు జవాబు చెప్పుకొనుట వేఱు, జరుగబోవు కీడునకు దారి చూపుట వేఱు. మొదటిదానిలో తోడు నిలుచుట వృత్తిధర్మము. రెండవదానిలో చేయూతనిచ్చుట పాపములో పాలు. కురుసభలో ద్రౌపది యడిగిన ప్రశ్నకు భీష్ముడు ధర్మము సూక్ష్మమని చెప్పి ఊరకుండెను. విదురుడు లేచి మాటాడెను. ఇరువురును కౌరవుల అన్నము తిన్నవారే. వారిలో కురువంశమునకు మేలు కోరినదెవ్వరో మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

సంస్కరణ రెండు చోట్ల జరుగవలెను. కంపెనీ కార్యదర్శి విధులను 2013 నాటి కంపెనీల చట్టము పేర్కొన్నది. న్యాయాధికారికి అట్టి స్థానమేదియు నీయలేదు. అతడు డైరెక్టర్ల సభకు నేరుగా నివేదించునట్లును, ఒక్క యధికారి యిష్టముపై తొలగింపబడకుండునట్లును కట్టుబాటు కావలెను. రెండవ చోటు మన యిల్లు. వాయిదాలపై కొన్న మేడ, బంధువుల యెదుట నిలుపవలసిన హోదా, ఈ రెండును మనిషి నోరు కట్టివేయును. కొడుకునకు గాని కోడలికి గాని ఇట్టి కొలువు దొరికినపుడు జీతమెంత యని యడుగుటతో పాటు, కాదనవలసిన నాడు కాదనుమనియు, ఆ నాడు ఇంట గంజి త్రాగియైనను తోడుందుమనియు చెప్పగల పెద్దలు కావలయును.