గీత చిన్నదే కదా!

తప్పును కప్పడం, బాగుచేయడం ఒకటేనా?

షార్జాలో పాత కార్ల మ్యూజియం ఉంది, సెలవు రోజున వెళ్లి చూడండి. అలాంటి పాత కారు మీద గోరంత రంగు లేచిపోయిందనుకోండి. పైన కాస్త రంగు పూస్తే చాలదా? చాలదు. కింద తుప్పు ఉంటే అది పాకుతూనే ఉంటుంది, కొన్నాళ్లకు రంగు బుడగలా లేస్తుంది. అందుకే పని తెలిసిన పెయింటర్ ముందు జిడ్డు తుడుస్తాడు, తుప్పు గీకుతాడు, ప్రైమర్ వేస్తాడు. ఆ తర్వాతే రంగు. అదీ పలచగా, ఒక పూత ఆరాక ఇంకోటి. బాగా గట్టిపడ్డాక 2000 నంబరు వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్ది పాలిష్ పెడతాడు.

ఇంకో సంగతి. కంపెనీ కలర్ కోడ్ చూసి కలిపిన రంగు పాత కారుకు చాలాసార్లు అతకదు. ఏళ్ల తరబడి ఎండకు దాని రంగు మారిపోయింది. ఈరోజు ఉన్న రంగు చూసి కలపాలి.

మన ఇళ్లలోనూ అంతే. ఫోన్‌లో భార్యను ఒక మాట అన్నారు, ఆమె ఏడ్చింది. మర్నాడు డబ్బు పంపారు. గీత కప్పారు సరే, తుప్పు గీకారా? "నేనన్న మాట తప్పు" అన్నారా? మీరు విమానం ఎక్కిన రోజు చూసిన మనిషి కాదు ఆమె ఇప్పుడు. పిల్లల జ్వరాలు, అత్తమామల మందులు, అప్పులవాళ్ల మాటలు ఒక్కతే మోసింది. పాత కోడ్‌తో మాట్లాడితే అతకదు. ముందు వినండి.

దేవుడు మన పాపం మీద రంగు పూయడు, కడుగుతాడు. ఈ రాత్రి డ్యూటీ దిగాక ఇంటికి ఫోన్ చేయండి. ఆమేన్.