రెండు సైకిళ్ళు

మా హెర్న్‌డన్ ఊరి నడిబొడ్డున ఒక రైలు స్టేషన్ ఉంది. 1857లో కట్టారు. చక్కగా రంగులేసి, లోపల చిన్న మ్యూజియం పెట్టి, బయట బెంచీలు వేసి ఉంచారు. రైలు మాత్రం రాదు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పాడి పశువుల పాలన్నీ ఈ స్టేషన్లోనే రైలెక్కి వాషింగ్టన్ వెళ్ళేవట. 1951లో ప్రయాణీకుల రైళ్ళు ఆగిపోయాయి. 1968లో గూడ్సు బళ్ళు కూడా ఆగిపోయాయి. కరెంటు కంపెనీ తీగల కోసం ఆ దారి కొనుక్కుంది. వాషింగ్టన్ వైపు ఉన్న కొంత ముక్క హైవే శాఖకి పోయింది, దాని మీద ఐ-66 రోడ్డు పడింది. పట్టాలు పీకేసిన మిగతా దారి మీద తారు పోసి, నడిచేవాళ్ళకీ సైకిళ్ళవాళ్ళకీ వదిలేశారు. అదే డబ్ల్యు అండ్ ఓ డి ట్రెయిల్. 1988 నాటికి నలభై అయిదు మైళ్ళూ పూర్తయింది.

2004లో అమ్మా నాన్నా మా ఇంటికి వచ్చినప్పుడు, మొదటి ఆదివారం పొద్దున్నే నాన్నని ఆ ట్రెయిల్ మీదికి తీసుకెళ్ళాను. మెరిసే బిగుతు బట్టలూ, నల్ల కళ్ళజోళ్ళూ, నెత్తిన హెల్మెట్లతో బాణాల్లా దూసుకుపోతున్న సైకిళ్ళని నాన్న కాసేపు చూశారు. తర్వాత నెమ్మదిగా అడిగారు: "వీళ్ళందరికీ ఏ ఊళ్ళోరా ఉద్యోగం? ఆదివారం కూడా పనేనా?"

ఆ రోజు నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పి మళ్ళీ నవ్వాను. ఇరవై ఏళ్ళు దాటాక ఇప్పుడు ఆ ప్రశ్నే నన్ను పట్టుకుని వదలడం లేదు.

నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. మేం తెనాల్లో ఉండేవాళ్ళం, ఆయన బడి పదకొండు కిలోమీటర్ల దూరాన ఒక పల్లెలో. పంచె ఎగ్గట్టి, హ్యాండిల్‌కి టిఫిను క్యారేజీ తగిలించుకుని, హెర్క్యులెస్ సైకిలు మీద రోజూ వెళ్ళి వచ్చేవారు. ఎండ, వాన, కాలవ గట్టు మీద బురద, అన్నీ ఆ సైకిలుకి తెలుసు. నేను గుంటూరు హాస్టల్లో ఉండగా ఒకసారి బియ్యం బస్తా వెనక కట్టుకుని అదే సైకిలు మీద వచ్చారు. గేటు దగ్గర నా స్నేహితులు నిలబడి ఉన్నారు. ఆయన ఎవరని అడిగితే, "మా ఊరాయన" అన్నాను. ఊరాయన అన్న మాట అబద్ధం కాదు కదా అని ఆ రాత్రి నాకు నేను సర్దిచెప్పుకున్నాను. 1988లో నాన్న బజాజ్ చేతక్ కొన్నప్పుడు వీధంతా మైసూర్ పాక్ పంచాం. సైకిలు తొక్కిన అన్నేళ్ళలో ఆయన్ని మెచ్చుకున్నవాడు ఒక్కడూ లేడు. దిగిన రోజున అందరూ మెచ్చుకున్నారు.

ఇక నా కథ. 2022 నవంబరు 15న మా ఊరికి మళ్ళీ రైలొచ్చింది. పాత స్టేషన్‌కి కాదు, ఊరికి దక్షిణాన, డల్లెస్ టోల్ రోడ్డు నడిమధ్యన, అటూ ఇటూ కార్లు ఉరుకుతుంటే వాటి మధ్య కట్టిన కొత్త స్టేషన్‌కి. ఆ సిల్వర్ లైను ముందుకు పోయి, కొంత దూరం ఐ-66 నడిమధ్యలోంచి కూడా వెళుతుంది. రైలు దారి తీసి రోడ్డేసి, ఆ రోడ్డు మధ్యలో మళ్ళీ రైలు పెట్టారన్న మాట. తలచుకుంటే మన ఊళ్ళలో కొత్త తారు రోడ్డు వేసిన మర్నాడే గొట్టాల కోసం తవ్వేవాళ్ళ మీద కోపం కొంచెం తగ్గుతుంది.

ఆ మరుసటి వసంతంలో నేను రెండో కారు అమ్మేసి సైకిలు కొన్నాను. ఇంటి నుంచి స్టేషన్‌కి సైకిలు, అక్కణ్ణుంచి వాషింగ్టన్ ఆఫీసుకి రైలు. వారానికి మూడు రోజులు. ఈ సంగతి మా తెలుగువాళ్ళ పాట్‌లక్కుల్లో ఎంత త్వరగా పాకిందో చెప్పలేను. "మీరు గ్రేటండీ" అన్నారు. పిల్లలకి పర్యావరణం గురించి అయిదు నిమిషాలు మాట్లాడమని ఒక పండగ సభలో మైకు కూడా ఇచ్చారు. మాట్లాడాను. మాట్లాడి దిగాక, ఫోమ్ ప్లేట్లతో నిండి పొర్లుతున్న మూడు చెత్త డబ్బాల పక్కన నిలబడి భోజనం చేశాను.

నిజం చెప్పుకోవాలంటే నా సైకిలు వెనక ఉన్నది భూమి మీద ప్రేమ ఒక్కటే కాదు. డాక్టరు చక్కెర సంఖ్య చూపించి మొహం చిట్లించాడు. డౌన్‌టౌన్‌లో పార్కింగ్ ఖర్చు చూస్తే నాకే మొహం చిట్లేది. వీటన్నిటికీ కలిపి "గ్రీన్" అని పేరు పెట్టుకున్నాను, అంతే.

సాయంత్రాలు నేను తిరిగొచ్చే వేళకి ఎదురుగా ఇంకో సైకిలు వస్తుంది. ఎల్డెన్ స్ట్రీట్ మీద ఏదో రెస్టారెంటు వంటింట్లో రాత్రి పనికి వెళ్ళే మనిషి. సాల్వడోర్ నుంచి వచ్చాడు. మా ఊళ్ళో అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. 2005లో వాళ్ళకి కూలి పనులు కుదిర్చే కేంద్రం ఒకటి పెడితే దేశమంతా వినిపించేటంత గొడవైంది, రెండేళ్ళు తిరక్కుండానే అది మూతపడింది. ఈయన సైకిలుకి లైటు లేదు, నెత్తిన హెల్మెట్ లేదు. ఒకరోజు నా చెయిను జారిపోయి ట్రెయిల్ పక్కన కుస్తీ పడుతుంటే ఆగి, రెండు వేళ్ళతో ఎక్కించేశాడు. ఆనక వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు: "కారు పాడైందా?"

లేదు, కావాలనే దీని మీద వెళుతున్నానన్నాను. అర్థం కానట్టు చూశాడు. కారు కొనుక్కోవడానికి డబ్బు దాచుకుంటున్నానని చెప్పి, నవ్వి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక నేను సైకిలు ఎక్కకుండా కాసేపు నడిచాను. ఇద్దరం ఒకే దారిన, ఒకే వేగంతో, చుక్క పెట్రోలు కాల్చకుండా వెళుతున్నాం. ఒకరికి మైకు ఇచ్చారు. ఇంకొకర్ని చూసి కార్లవాళ్ళు, "ఈ లైట్లు లేని సైకిళ్ళతో చస్తున్నాం" అంటారు. నేనూ కారులో ఉన్న రోజుల్లో ఆ మాటే అన్నాను. ఉద్దేశాన్ని బట్టి మంచి చెడ్డలు లెక్కగట్టాలంటే నా ఉద్దేశాలు పైన చెప్పినవే, వాటిలో భూమి వాటా ఎంతో నాకే తెలీదు. ఫలితాన్ని బట్టి లెక్కగడదామంటే గాలికి మన మనసుతో పని లేదు. అప్పుడు ఆయనా, మా నాన్నా నాకంటే ఎన్నో రెట్లు ముందుంటారు. ఏ లెక్కన చూసినా నా చేతికి మైకు రాదు.

లేమి వల్ల చేస్తే అది సిగ్గు, కలిమి ఉండీ చేస్తే అది ఆదర్శం. ఈ తేడా ఎవరు పెట్టారో గానీ మా కమ్యూనిటీ రూల్సు పుస్తకంలో కూడా ఉంది. 2004లోనే అమ్మ మా వెనక డెక్ మీద తాడు కట్టి చీరలారేసింది. జూలై ఎండ, రెండు గంటల్లో ఫెళఫెళ ఆరిపోయాయి. అమ్మకి మహా సంతోషం. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది, బయట బట్టలారేయడం నిషేధమని, పేట అందం చెడుతుందని. తాడు విప్పేసి డ్రయ్యర్ తిప్పాం. "ఎండకి డబ్బులు కట్టక్కర్లేదు కదరా, మరి వాళ్ళకేం నష్టం?" అని అమ్మ అడిగింది. అందం గురించి ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక టీవీ పెట్టాను. బజారుకి చేతిసంచి పట్టుకెళ్ళే అలవాటున్న ఆవిడ, ఇక్కడ షాపులో సంచి తీస్తే నేనే వద్దని లోపల పెట్టించాను. 2022 జనవరి నుంచి మా ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ప్లాస్టిక్ సంచికి అయిదు సెంట్ల పన్ను. ఇప్పుడు మా ఇంట్లో అందరి చేతుల్లోనూ సంచులే, వాటి మీద భూగోళం బొమ్మలు.

టాటా నానో వస్తోందని 2008లో కబురు తెలిసినప్పుడు మా స్నేహితుడి ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. లక్ష రూపాయలకి కారైతే ఇండియాలో ప్రతివాడూ కొంటాడు, భూమి ఏమైపోతుందని అందరం బెంగపడ్డాం. బయట మా పెద్ద పెద్ద బళ్ళు నాలుగు వరసగా ఆగి ఉన్నాయి. అమెరికాలో మనిషికి ఏడాదికి పద్నాలుగు టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ లెక్కకొస్తుంది, ఇండియాలో సుమారు రెండు. ఆ వంటాయన కారు కొనుక్కుంటానంటే ఇప్పుడు నేనేమనాలి? వద్దనడానికి నోరు రాదు. మా నాన్న చేతక్ కొన్ననాడు ఎవరైనా వచ్చి "అయ్యో, సైకిలే మంచిది మాస్టారూ" అని ఉంటే, మైసూర్ పాక్ కాదు కదా, మంచినీళ్ళు కూడా ఇచ్చి ఉండేవాళ్ళం కాదు.

ఒకరోజు కాగితం మీద లెక్క వేశాను. ఆఫీసుకి రానూ పోనూ యాభై రెండు మైళ్ళు, నా పాత కారుకి రెండు గ్యాలన్ల పైన. గ్యాలన్ కాలిస్తే తొమ్మిది కిలోలకి కాస్త తక్కువ కార్బన్ డయాక్సైడ్. ఏడాదికి నూట నలభై రోజులనుకుంటే రెండున్నర టన్నుల పైన మిగిల్చాను. రైలుకీ కరెంటు కావాలి, అందులో కొంత తీసెయ్యాలి. సరే, బాగానే ఉంది. అమ్మకి ఎనభై నిండాయని 2023 డిసెంబర్లో మేం నలుగురం హైదరాబాదు వెళ్ళి వచ్చాం. మనిషికి రెండు టన్నులు దాటుతుంది. అంటే నలుగురికీ ఎనిమిది పైమాటే. మూడేళ్ళు తొక్కిన సైకిలు ఒక్క ప్రయాణంలో హరించుకుపోయింది. ఉడత సాయమేలే అని సరిపెట్టుకుందామంటే, ఆ ఉడత పగలు ఇసుక రాల్చి రాత్రిళ్ళు వారధి రాళ్ళు పీక్కుపోలేదు. అలాగని అమ్మ పుట్టినరోజుకి వెళ్ళకుండా ఉండాలా? ఉండను. మళ్ళీ వెళతాను. ఇక్కడ తర్కం నా దగ్గర ఆగిపోతుంది. దేశం విడిచి వచ్చినవాడి బంధుత్వాలన్నీ విమానం ఇంధనం మీదే నడుస్తాయి, దానికి సైకిలు చెల్లుబాటు కాదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. 1999 నుంచి 2022 దాకా నేను కారులోనే తిరిగాను. వచ్చిన కొత్తలో నలుగురం బ్రహ్మచారులం ఒకే కొరోలాలో వెళ్ళేవాళ్ళం. డబ్బుల్లేక. నాకు జీవితంలో అంతకంటే పచ్చటి రోజులు లేవు. తర్వాత ఎవరి కారు వాళ్ళకొచ్చింది. 2023లో నేను హఠాత్తుగా మంచివాణ్ణయిపోలేదు, గుమ్మం దగ్గరికి రైలొచ్చింది, అంతే. ఆ రైలు కట్టడానికి అయిన ఖర్చులో పెద్ద వాటా టోల్ రోడ్డు మీద కార్లవాళ్ళు కట్టిన డబ్బే. అంటే నా కారు రోజులే నా రైలుకి పెట్టుబడి. ఇక నా గొప్ప ఇందులో ఎక్కడుందో వెతుక్కోవాలి. మనుషులు ఊళ్ళని మారుస్తారని సభల్లో చెప్పాం గానీ, పట్టాలు ఎక్కడ పడితే మనుషులు అక్కడ మంచివాళ్ళవుతారని చెప్పినవాడు లేడు.

అయితే పట్టాలు మాత్రమే చాలవని కూడా నా వల్లే తెలిసింది. స్టేషన్ చుట్టూ ఎత్తయిన భవనాలు కట్టుకోవచ్చని మా ఊరు 2012లోనే ప్లాను వేసుకుంది. ఆమధ్య మా పేట దగ్గరా కొన్ని అపార్ట్‌మెంట్లు వస్తాయని మాట వినిపించింది. ఈమెయిలు వచ్చింది, అభ్యంతరం చెబుతూ అందరూ సంతకం పెట్టండని. ట్రాఫిక్ పెరుగుతుంది, బళ్ళలో పిల్లలు ఎక్కువవుతారు, ఇళ్ళ ధరలు పడిపోతాయి. చదివి, సంతకం పెట్టి, హెల్మెట్ పెట్టుకుని స్టేషన్‌కి బయల్దేరాను. ఈ రెంటికీ మధ్య ఏదో తేడా ఉందని ఆ క్షణాన నాకు తట్టనే లేదు.

ఆ వారం అమ్మతో ఫోన్లో మాటల సందర్భంలో చెప్పాను.

"మరి మీ ఊళ్ళో హోటళ్ళలోనూ వాటిల్లోనూ పనిచేసేవాళ్ళు ఎక్కడుంటార్రా?" అంది.

"దూరంగా ఉంటారు. అద్దెలు తక్కువున్న చోట."

"ఎలా వస్తారు?"

"కార్లలో."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "సరేలే, తిన్నావా?" అంది.

ఆ సంతకం నేను వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలని రెండుసార్లు ఈమెయిలు మొదలుపెట్టాను. మా పక్కింటాయన రోజూ పలకరిస్తాడు, మంచు పడితే నా డ్రైవ్‌వే కూడా ఆయనే పారతో ఎత్తిపోస్తాడు. ఆ కాగితం మీద మొదటి సంతకం ఆయనదే. ఇంతలేసి సిద్ధాంతాలు ఆలోచించేవాడికి పొరుగాయన మొహం చూడ్డం కష్టమైపోయింది.

కిందటి అక్టోబర్లో సాయంత్రం స్టేషన్ నుంచి బయటపడేసరికి కుండపోతగా వాన. ఎల్డెన్ స్ట్రీట్ దగ్గర ఒక చూరు కింద నిలబడ్డాను. పాత బూడిద రంగు కొరోలా ఒకటి పక్కన ఆగింది. అద్దం దించి చూస్తే ఆయనే. డిక్కీ తెరిచి, ఇద్దరం కలిసి నా సైకిలుని సగం లోపలికి తోసి, తాడుతో కట్టాం. సీటు కింద నా తడి బూట్లు పెట్టుకోవడానికి పేపరు పరిచాడు. ఎప్పుడు కొన్నావన్నాను. ఆగస్టులో అన్నాడు. నాలుగేళ్ళు దాచానన్నాడు. హారను కొట్టి చూపించాడు.

కారు కదిలాక నా వైపు తిరిగి, "నీది ఇంకా బాగుపడలేదా?" అని అడిగాడు.