దరఖాస్తు పత్రంలో లింగ నిర్దేశం: పదం, గడి, గౌరవం

ఉపోద్ఘాతం

శ్రీశైలం రహదారి బాహ్య వలయ రహదారిని కలిసే చోట ఉన్న తుక్కుగూడ పరిసరాలు కొంతకాలంగా వ్యవసాయం నుండి పరిశ్రమల వైపు మళ్లుతున్నాయి. ఫ్యాబ్ సిటీ, హార్డ్‌వేర్ పార్కు వంటివి వచ్చాక ఇక్కడి యువతలో అనేకులకు బతుకుతెరువు దరఖాస్తు పత్రంతో మొదలవుతున్నది. ఆ పత్రంలో పేరు తరువాత సాధారణంగా కనిపించేది లింగం గడి. చాలామంది దానిని ఆలోచించకుండానే పూరిస్తారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు మాత్రం పరీక్ష అక్కడే మొదలవుతుంది. పత్రం అభ్యర్థిని ఏ పదంతో పిలవాలి, ఆ ప్రశ్న అడిగే హక్కు దానికి ఎంతవరకు ఉన్నది అన్న నైతిక సమస్యను తెలుగు భాషా స్వభావం, తెలంగాణ చట్టచరిత్ర నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరీక్షించే దృష్టి

సంస్కృత మహాభారత విరాటపర్వంలో బృహన్నల కొలువు కోరి వస్తుంది. విరాటుడు నృత్యగీతాలలో నైపుణ్యాన్ని పరీక్షించడంతో ఆగలేదు. స్త్రీల చేత పరీక్ష చేయించి, పురుషత్వం లేదని నిర్ధారించుకున్న తరువాతనే కన్యాంతఃపురానికి పంపాడు. కొలువుకు కావలసినది నాట్యవిద్య. నిరూపించుకోవలసి వచ్చినది దేహం. ఆ పరీక్షకు అంతఃపుర రక్షణ అన్న సాకైనా ఉన్నది. నేటి కర్మాగారంలో యంత్రం నడిపే పనికి ఆ సాకు కూడా లేదు.

ఈ దృష్టికి చట్టరూపం నిజాం కాలంలో కనిపిస్తుంది. ఫసలీ 1329లో, అంటే 1919లో వచ్చిన చట్టం హైదరాబాదులో 'నపుంసకుల' పేర్లతో రిజిస్టరు నిర్వహించాలన్నది. వైద్య పరీక్షలో నపుంసకుడిగా తేలినవారిని కూడా నిర్వచనంలో చేర్చింది. వీధిలో స్త్రీ వేషంతో, ఆభరణాలతో కనిపించినవారిని వారెంటు లేకుండా అరెస్టు చేసే వీలు కల్పించింది. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో ఈ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసి, విద్య, ప్రభుత్వోద్యోగాలలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు రిజర్వేషన్ కల్పించాలని ఆదేశించింది. ఒకనాడు నేరానుమానంతో పేరు రాసిన చోటే, ఇప్పుడు హక్కు కోసం పేరు రాయవలసి ఉన్నది. వివరం ఒకటే, ప్రయోజనం వేరు. అందువల్ల ఏమి అడుగుతున్నారన్న దానితో పాటు ఎందుకు అడుగుతున్నారన్నదీ నైతిక విచారణలో భాగమవుతుంది.

తెలుగు వ్యాకరణం ఇచ్చే అవకాశం

తెలుగులో ఏకవచన క్రియ మహత్తును వేరు చేసి, స్త్రీవాచకాన్నీ అమహత్తునూ ఒకే ప్రత్యయంతో చెబుతుంది: 'అతడు వచ్చాడు', 'ఆమె వచ్చింది', 'అది వచ్చింది'. బహువచనంలో ఈ విభజన మారి మనుషులందరూ ఒక పక్కకు చేరతారు: 'వారు వచ్చారు'. గౌరవార్థకమైన ఈ 'వారు' లింగాన్ని అడగదు. 'దరఖాస్తుదారుడు' అన్నప్పుడు చివరి 'డు' పురుషుణ్ణి ముందే ఊహిస్తుంది. 'దరఖాస్తుదారు', 'అభ్యర్థి' అన్నప్పుడు ఆ ఊహ ఉండదు. 'శ్రీ / శ్రీమతి / కుమారి', 'తండ్రి / భర్త పేరు' అన్న గడులు లింగంతో పాటు వివాహస్థితిని కూడా రాబడతాయి. కనుక సమస్య ఒక్క లింగం గడికి పరిమితమైనది కాదు; పత్రం భాషంతటా వ్యాపించి ఉన్నది.

పదాల బరువు

వ్యాకరణంలో 'నపుంసక లింగం' సాంకేతిక పదం. మనిషికి వాడినప్పుడు అది లేమిని చెబుతుంది. దర్బారు బిరుదైన 'ఖ్వాజాసరా'తో సంబంధం ఉన్నదని భావించే 'కొజ్జా' నేడు తిట్టు. వాడుకలో అరిగి మాట నిర్దోషమవుతుందన్న వాదన ఇక్కడ నిలవదు. తుక్కుగూడ పేరులోని 'తుక్కు'కు వాడుకలో పనికిరాని వస్తువన్న అర్థం ఉన్నది. ఊరి పేరు వ్యుత్పత్తి ఏదైనా, ఆ పేరు చెప్పుకొనేవారికి అందులో అవమానం వినిపించదు. పలికేవారూ ధరించేవారూ వారే. తిట్టును పలికేవారు వేరు, మోసేవారు వేరు. ఈ దూరం ఉన్నంతకాలం వాడుక గాయాన్ని మాన్పదు. 'హిజ్రా' విషయంలోనూ ఈ భేదమే వర్తిస్తుంది. ఒక సముదాయం తనకు తాను చెప్పుకొనే పేరు అది; ట్రాన్స్‌జెండర్ వ్యక్తులందరికీ పత్రం అంటగట్టదగిన పేరు కాదు.

గడి లేకపోవడం, గడి ఉండడం

2018లో ఆంధ్రప్రదేశ్ ఎస్.ఐ. నియామకాల దరఖాస్తులో స్త్రీ, పురుష అన్న రెండే గడులుండగా, ఒక ట్రాన్స్‌జెండర్ అభ్యర్థి స్త్రీగా దరఖాస్తు చేశారు. వివాదం హైకోర్టుకు చేరింది. తనకు సరిపడే గడి లేని పత్రం కిందనే 'పై వివరాలు సత్యం' అని సంతకం చేయమనడం సత్యాన్ని అసాధ్యం చేసి దానినే కోరడం.

మూడవ గడితోనే సమస్య తీరదు. 2011 జనగణనలో 'ఇతరులు' కింద 4,87,803 మంది నమోదయ్యారు. 'ఇతరులు' అన్నది ఎవరు కారో చెబుతుంది కానీ ఎవరో చెప్పదు. పైగా ప్రైవేటు నియామకంలో ఆ గడిని పూరించడమే తిరస్కారానికి దారితీయవచ్చు. 2014 నాటి నల్సా తీర్పు లింగ గుర్తింపును వ్యక్తి స్వయం నిర్ణయానికి వదిలింది. 2019 చట్టం నియామకాలలో వివక్షను నిషేధించింది. అయినా పక్కన పెట్టిన దరఖాస్తు కారణం చెప్పదు.

అసలు అడగకపోతే సరిపోదా అన్న ఆక్షేపణ బలమైనదే. అయితే లెక్క లేని చోట రిజర్వేషన్ అమలు కాదు, వివక్షను చూపడమూ కష్టం. రిజర్వేషన్ కోరే చోట ప్రశ్న అవసరం. ఎంపికకు ముందు, దానివల్ల అభ్యర్థికి మేలు లేని చోట అనవసరం. అడిగినప్పుడు వారు తమకు చెప్పుకొనే పదాన్నే రాసే వీలుండాలి, చెప్పకుండా ఉండే వీలూ ఉండాలి. ఆ సమాచారం ఎంపిక చేసేవారి కంటపడకుండా వేరుగా ఉండాలి.

ముగింపు

పత్రం చిన్నదే కానీ సంస్థ అభ్యర్థితో పలికే మొదటి మాట అదే. విరాటుని కొలువులో విద్య, దేహం రెండూ పరీక్షకు వచ్చాయి. నేటి పత్రం విద్యను మాత్రమే పరీక్షించడం నేర్చుకోవాలి. అందుకు కావలసిన గౌరవవాచకం తెలుగులో ఉన్నది. పాలనా పరిభాషను రూపొందించే తెలుగు శాఖలు 'వారు'ను, 'దరఖాస్తుదారు'ను పత్రాలలోకి తేవడం భాషాసేవ మాత్రమే కాదు, న్యాయం వైపు వేసే అడుగు కూడా.