తోడు

ఖమ్మం–సత్తుపల్లి రోడ్డు మీద తల్లాడ దాటితే కల్లూరు వస్తుంది. ఒకరోజు పొద్దున్నే ఆ ఊరి స్నేహితులిద్దరు రక్తమివ్వడానికి ఖమ్మం బస్సెక్కారు. నిజానికి ఇద్దామనుకున్నది ఒకడే. రెండోవాడికి సూది పేరెత్తితేనే అరచేతులకు చెమట పడుతుంది. "నువ్వేం ఇవ్వొద్దులేరా, నా పక్కన కూసో చాలు" అంటే కదిలాడు.

తీరా అక్కడికి పోయాక కథ అడ్డం తిరిగింది.

బరువు చూశారు, బీపీ చూశారు. వేలికొసన గుచ్చి, ఒక్క చుక్క నీలిరంగు నీళ్లలో వదిలారు. అవి మైలుతుత్తం కలిపిన నీళ్లు. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గకపోతే చుక్క 15 సెకన్లలోపు అడుక్కి దిగుతుంది, తగ్గితే పైన తేలుతుంది. మునిగితే గెలిచినట్టు లెక్క. ధైర్యవంతుడి చుక్క తేలిపోయింది. "మరి మీరు?" అని నర్సు అడిగితే కాదనలేక రెండోవాడు కళ్లు మూసుకుని వేలు చాపాడు. వాడి చుక్క గులకరాయిలా మునిగింది.

"ఇప్పుడు నువ్వు నా పక్కన కూసో" అన్నాడు వాడు.

కూర్చున్నాడు. వాడు చేతిలో బంతి నొక్కుతున్నంతసేపూ ఊళ్లో సంగతులన్నీ చెబుతూనే ఉన్నాడు. పట్టుమని పది నిమిషాల్లో 350 మిల్లీలీటర్లు సంచిలో చేరాయి. "అప్పుడే అయిపోయిందా?" అన్న ప్రశ్నకు గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. తర్వాత బిస్కెట్లు ఇద్దరూ పంచుకు తిన్నారు.

ఆ సంచి ఎవరిదని రాయాలి? పేరు ఇచ్చినవాడిదే. కానీ చుక్క తేలినవాడు బస్సెక్కించకపోతే అది నిండేదే కాదు. పాలల్లో వేసే చెంచాడు పెరుగును మనవాళ్లు తోడు అనే అంటారు. గిన్నెడు పాలూ పెరుగయ్యాక అందులో ఆ చెంచాడు ఎక్కడుందో వేరుచేసి చూపలేం. దానానికీ ఇలాంటి తోడు కావాలి.

రక్తం అమ్ముకుని బతికేవాళ్లు మన దేశంలో మొన్నమొన్నటిదాకా ఉన్నారు. 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి 1 నుంచి ఆ అమ్మకం నిషిద్ధమైంది. డబ్బు తప్పుకున్న చోటికి మనిషిని రప్పించేది మరో మనిషి పిలుపే. ఆ 1998లోనే అక్టోబరు 2న హైదరాబాదులో చిరంజీవి బ్లడ్ బ్యాంక్ మొదలైంది. సినిమాకి గుంపుగా వెళ్లే అభిమానులు రక్తమివ్వడానికీ గుంపుగానే వెళ్లారు. పక్కన నలుగురుంటే సూది చిన్నదవుతుంది. దీన్ని తక్కువగా చూడనక్కర్లేదు. గుంపు ఇచ్చిన ధైర్యమూ ధైర్యమే.

కల్లూరుకు రక్తం అవసరమన్న మాట మరీ దగ్గరిది. ఇక్కడినుంచి భద్రాచలం అడవుల వైపు వెళ్లేకొద్దీ కోయ గూడేల్లో సికిల్ సెల్ బాధితులు కనిపిస్తారు. ఆ జబ్బును రూపుమాపడానికి కేంద్రం 2023 జులై 1న జాతీయ మిషన్ ప్రారంభించింది. తలసేమియా తీవ్రంగా ఉన్న పిల్లలకైతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. మలేరియా వచ్చి తగ్గినవాళ్లు మూడు నెలలదాకా రక్తమివ్వకూడదు కాబట్టి, మన్యంలో అవసరం ఉన్నచోటే ఇవ్వగలిగినవాళ్లు తగ్గుతారు. ఆ లోటు మైదానపు ఊళ్లే పూడ్చాలి.

చుక్క తేలినవాడు డాక్టరు రాసిచ్చిన ఐరన్ మాత్రలు వేసుకుంటూ మునగాకు పప్పు మొదలుపెట్టాడు. మునిగినవాడికి మళ్లీ ఇవ్వడానికి 90 రోజుల గడువుంది. ఈసారి కలిసే వెళ్లాలని అనుకున్నారు. మీరు వెళ్లే రోజున కూడా, సూదికి భయపడేవాళ్లెవరైనా ఎదురింట్లో ఉంటే ఊరికే పక్కన కూర్చోవడానికని పిలుచుకెళ్లండి.