ఇంట్లో కలుపుకున్నా మందేనా?

ఈసారి మన ప్రశ్న ఒక జగ్గు దగ్గర మొదలైంది.

హైదరాబాద్‌లో మా మేనల్లుడు కొత్త ఇల్లు తీసుకుని భోజనాలకి పిలిచాడు. మామిడిపళ్ల రోజులు. మేం వెళ్లేసరికి వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. బంగినపల్లి ముక్కలు, అనాసపండు, నిమ్మరసం, ఐసు, కొంచెం కొబ్బరిపాలు. గ్లాసు అంచుకి నిమ్మచెక్క రాసి, ఉప్పూకారం పోసిన పళ్లెంలో బోర్లిస్తున్నాడు. అబద్ధమెందుకు, నాకు నోరూరింది. పుల్లమామిడికాయకి మనం అద్దుకు తినేదే కదా! అప్పుడు అలమరలోంచి సీసా తీశాడు.

"మార్గరీటా మావయ్యా. జ్యూసే, ఓ చుక్క టకీలా పడుతుందంతే. బార్‌కి పోవట్లేదు, ఎవరితోనూ గొడవ పడట్లేదు. నా ఇంట్లో నేను కలుపుకుంటే నీ పంచశీల ఎక్కడ చెడింది?"

మద్యం మీద ఎన్నో పేటల్లో మాట్లాడినవాణ్ణి. ఆ మాటలన్నీ సారా కొట్టు ముందు చెప్పే మాటలు. వీడి వంటింట్లో ఒక్కటీ అతకలేదు.

ముందు ఆ 'చుక్క' సంగతి చూద్దాం. ఒక గ్లాసుకి వాడు పోసింది 60 మిల్లీలీటర్ల టకీలా, 30 మిల్లీలీటర్ల నారింజ లిక్కర్. రెండూ 40 శాతంవే. అంటే 36 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాలు. 5 శాతం బీరు 650 మిల్లీలీటర్ల పెద్ద సీసా మొత్తం తాగినా 33 దాటదు. వాడి ఒక్క 'జ్యూసు' గ్లాసు ఒక బీరు సీసా కంటే ఎక్కువ! సారా గొంతు దిగేటప్పుడు నేను ఫలానా అని చెప్పి మరీ దిగేది. పండు తీపి మాటున దిగేది ఆ మాట చెప్పదు.

ఈ టకీలా మెక్సికోది. మన రైలుకట్టల పక్కన పెరిగే కిత్తనారకి చుట్టమైన మొక్కని ఏళ్లకేళ్లు పెంచి, దాని దుంప కాల్చి తీస్తారు. 1971లో డల్లాస్‌లో మరియానో మార్టినెజ్ అనే హోటలాయన ఐస్‌క్రీం మిషన్‌ని మార్చి, తిప్పితే చల్లటి మార్గరీటా పడేట్టు చేశాడు. ఆ మిషన్ ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. అక్కడి రైతు చెమటనీ, వాళ్ల పండగనీ తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకి లేదు. పేదవాడు తాగితే తాగుబోతు, ఫ్లాటులో తాగితే అభిరుచి అనే లెక్క మాత్రం నాకు మింగుడుపడదు.

ఎందుకంటే మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచినప్పుడు నాకు 13 ఏళ్లు. రోశమ్మ గారి పేరు అప్పుడే విన్నాను. మా అమ్మ మా ఊళ్లో సారా ప్యాకెట్లు చించి మట్టిలో పోసిన వాళ్లలో ఒకతె. 1993లో సారా ఆగింది, 1995లో మద్యం మొత్తం ఆగింది, రెండేళ్లకే మళ్లీ తెరిచారు. మా నాన్నకి ఆ లోపే ఆలస్యమైపోయింది. ఇదంతా మేనల్లుడికి తెలుసు. తెలిసే, "అది సారా మావయ్యా, ఇది వేరు" అన్నాడు.

ఐదో శీలంలో ఉన్న మాట చూడండి: 'పమాదం'. మనం తెలుగులో ప్రమాదం అంటే బస్సు గుద్దడం అనుకుంటాం. పాళీలో అది ఏమరుపాటు. మత్తు ఏమరుపాటుకి నిలయం కనక దూరంగా ఉంటానని మనంతట మనమే తీసుకునే శిక్షణ అది. ఎక్కడ తాగావు, ఎంత ఖరీదుది తాగావు అన్న ప్రశ్న అందులో లేదు. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నదీ ఉంది.

భిక్షువులకి ఈ నియమం ఎలా వచ్చిందో వినయ పిటకంలో ఉంది. సాగతుడనే భిక్షువు ఒక భయంకరమైన నాగుణ్ణి లొంగదీశాడు. కోశాంబి జనం సంబరపడి ఇంటింటా మంచి సుర సిద్ధం చేసి ఇచ్చారు. సారా కొట్టు కాదు, చెడ్డవాళ్లూ కాదు. భక్తితో, ఇంట్లో చేసి పెట్టారు. ఆయన ఇల్లిల్లూ తాగి నగర ద్వారం దగ్గర పడిపోయాడు. మోసుకొచ్చి బుద్ధుడి వైపు తల పెట్టి పడుకోబెడితే, మత్తులో తిరిగి కాళ్లు అటు చాపాడు. నాగుణ్ణి గెలిచినవాడు ఇప్పుడు నీటిపామునైనా గెలవగలడా అని బుద్ధుడు భిక్షువుల్ని అడిగాడు. ఆ బుద్ధుడే భిక్షువులకి మామిడి, నేరేడు, అరటి, ద్రాక్ష వంటి ఎనిమిది రకాల పానీయాలు అనుమతించాడు. మామిడిరసం మీద ధమ్మానికి కోపం లేదు.

ఇదంతా చెప్పినా వాడు వాదిస్తూనే ఉన్నాడు. వాదన ఆగింది నా వల్ల కాదు.

బల్ల మీద రెండు జగ్గులు పెట్టాడు, ఒకటి పిల్లలకి, ఒకటి పెద్దలకి. రెండూ ఒకటే పసుపు. వాళ్ల బాబాయి తాగుడు మాని అప్పటికి 11 నెలలు. ఆయన ఒక గ్లాసు వంచుకుని, నోటిదాకా తీసుకెళ్లి, ఆగి, వాసన చూశాడు. "ఇది ఏ జగ్గురా?" అన్నాడు. ఎవరో నవ్వారు. గ్లాసు కింద పెట్టేసి బాల్కనీలోకి వెళ్లిపోయాడు. భోజనానికి కూడా చాలాసేపు రాలేదు. మేనల్లుడు తన గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వాడు మత్తులో లేడు. అయినా ఆ ఇంట్లో ఎవరెవరున్నారో వాడికి తట్టలేదు. సీసా మూత తియ్యకముందే జరిగిన ఏమరుపాటు అది. దాన్నేమనాలో మీరే చెప్పండి.

రెండు వారాల తర్వాత ఫోన్ చేశాడు. "బాబాయి వస్తున్నాడు మావయ్యా. అదే రసం, ఒట్టిది, అంచుకి ఉప్పూకారంతో ఇస్తే వెక్కిరించినట్టు ఉంటుందా?" ఉండదు, నిమ్మకాయ కాస్త ఎక్కువ పిండి, వేయించిన జీలకర్ర పొడి చల్లమన్నాను. సీసా ఇంకా అలమరలోనే ఉందేమో, అడగలేదు.