గీతలకు ముందు లెక్క

న్యాయమైన ఎన్నిక అంటే ఏమిటని అడిగితే మనవాళ్లు సాధారణంగా వార్డు సరిహద్దులతో మొదలుపెడతారు. ఏ వార్డులో ఎంత జనం, ఏ వీధి ఎటు పోయింది, ఏ బస్తీని రెండుగా చీల్చారు - ఇవన్నీ అవసరమైన ప్రశ్నలే. కాని సికింద్రాబాదు కంటోన్మెంటు బోర్డు సంగతి చూస్తే, వీటికంటే ముందు అడగవలసింది ఒకటి వుందని తెలుస్తుంది. గీత గీయకముందే సగం అధికారాన్ని ఓటుకు అందకుండా తీసి పక్కన పెట్టి, మిగిలిన సగాన్ని ఎంత సమంగా పంచినా అది న్యాయమవుతుందా?

2006 నాటి కంటోన్మెంట్ల చట్టం ప్రకారం, 50,000 కు మించి జనాభా వున్న కంటోన్మెంటు బోర్డులో 16 మంది సభ్యులుంటారు. ఎనిమిదిమందిని వార్డులవారీగా ప్రజలు ఎన్నుకుంటారు. తక్కిన ఎనిమిదిమంది ఎవరు? స్టేషను కమాండరు, జిల్లా మేజిస్ట్రేటు లేక ఆయన పంపిన అధికారి, ముఖ్య కార్యనిర్వహణాధికారి, ఆరోగ్యాధికారి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, ముగ్గురు సైనికాధికారులు. కమాండరే అధ్యక్షుడు. ప్రజలెన్నుకున్నవారికి దక్కేది ఉపాధ్యక్ష పదవి. ఓట్లు సమానమైనప్పుడు అధ్యక్షస్థానంలో వున్నవారికి రెండో ఓటుంటుంది. అంటే బొల్లారం నుంచి రసూల్‌పురా దాకా గెలిచివచ్చిన ఎనిమిదిమందీ ఒక్క మాట మీద నిలబడినా, ఎదుటి ఎనిమిదిమందీ కలిస్తే వీరి మాట చెల్లదు. వార్డుల గీతలు తక్కెడ పెట్టి తూచినట్టు గీసినా ఈ లెక్క మారదు.

దీనికి చెప్పే సమాధానం మనకు తెలుసు. ఈ నేల రక్షణశాఖది, ఈ వూరు పుట్టిందే సైన్యం కోసం, అంటారు. నిజమే, 1798 సంధి తరువాత నిజాం రాజ్యంలో దిగిన ఇంగ్లీషు పటాలం కోసమే ఈ స్థావరం ఏర్పడింది, 1806 లో సికిందర్ జా పేరు పెట్టుకుంది. బారకాసులు, ఆయుధాగారాలు, కవాతు మైదానాలు - వీటి మీద సైన్యం మాట చెల్లవలసిందే, ఎవరూ కాదనరు. కాని కార్ఖానాలో మురుగుకాలువ ఎటు పారాలి, తిరుమలగిరిలో కుళాయికి నీళ్లు ఎప్పుడు వదలాలి అన్నవి దేశరక్షణ రహస్యాలు కావు. 2011 జనాభా లెక్కల్లో 2 లక్షల 17 వేల పైచిలుకు మంది ఇక్కడ వున్నారు. భూమి ఎవరిదో వారిదే పాలన అన్న సూత్రం తెలంగాణ పల్లెకు కొత్త కాదు. దానిని గడీలో వద్దన్నవాళ్లం కంటోన్మెంటులో ఎందుకు ఒప్పుకోవాలి?

ఇదే చట్టం, కేంద్రం నుంచి నిధులు అందుకోవటానికీ పథకాలు అమలు జరపటానికీ బోర్డును పురపాలక సంఘంగానే భావించాలంటుంది. కాని పురపాలక సంఘానికి అయిదేళ్ల గడువు ముగిసేలోగా ఎన్నిక జరపాలన్న 74 వ రాజ్యాంగ సవరణ నియమం మాత్రం ఇక్కడికి నడిచిరాదు. ఫలితం కళ్లముందే వుంది. 2015 జనవరిలో ఎన్నికైన బోర్డు గడువు 2020 లో తీరింది. ఆరేసి నెలల చొప్పున రెండుసార్లు పొడిగించారు. 2021 ఫిబ్రవరి నుంచి ముగ్గురితో నడిచే మార్పు బోర్డు వచ్చింది: ఇద్దరు అధికారులు, ఒక నామినేటెడ్ పౌరుడు. 2023 లో 57 కంటోన్మెంట్లకు ఏప్రిల్ 30 న ఎన్నికలని ప్రకటించి, మార్చి 17 న రద్దు చేశారు. ఆ మరుసటి ఏడు ఫిబ్రవరిలో కంటోన్మెంటు శాసనసభ్యురాలు లాస్య నందిత రోడ్డు ప్రమాదంలో మరణిస్తే, మే 13 కల్లా ఉప ఎన్నిక జరిగింది. అదే వీధులు, అదే జనం. ఒక ఎన్నికకు మూడు నెలలు చాలినవి. రెండోదానికి ఏళ్లు చాలలేదు.

ఇంతకంటే బాధ కలిగించే విషయం ఓటర్ల జాబితా. పచ్‌మఢీ కంటోన్మెంటు వ్యాజ్యంలో 2016 లో సుప్రీంకోర్టు, ఆక్రమిత స్థలాల్లో అక్రమంగా కట్టిన ఇళ్లవారు బోర్డు ఓటర్లు కాజాలరన్నది. ఆ తరువాత సికింద్రాబాదులోనూ రక్షణశాఖ భూముల్లోని బస్తీల నుంచి వేల పేర్లు ఎగిరిపోయాయి. పార్లమెంటుకు ఓటున్న మనిషికి తన గుమ్మం ముందు మురుగు గురించి ఓటు లేదు! 1647 లో లండను పక్కన పట్నీ చర్చిలో ఈ వాదమే జరిగింది. ఆస్తిలో స్థిరమైన పాలు లేనివాడికి ఓటు తగదని ఐర్టన్ వాదించాడు. చట్టానికి లోబడే పేదవాడి సమ్మతి కూడా ఆ చట్టానికి కావాలని రెయిన్‌బరో ఎదిరించాడు. తమాషా ఏమంటే, అక్కడ పేదల పక్షాన మాట్లాడినవాడు ఒక సైనికాధికారి.

ఇక పద్ధతి. 9,000 ఓట్లు చెల్లాయనుకుందాం. అందులో బస్తీలవి 1,200, వార్డుకు 150 చొప్పున చెదిరి వున్నాయి. 1,125 ఓట్ల వార్డులో 150 ఏం చేయగలవు? ఒక్క స్థానమూ రాదు. వార్డులు తీసివేసి, ఎనిమిది స్థానాలకూ కలిపి రాజ్యసభ ఎన్నికలో లాగా బదిలీ ఓటు పెడితే 1,001 ఓట్లకు ఒక స్థానం ఖాయం. బస్తీ గొంతు బోర్డులో వినిపిస్తుంది. నాలుగేసి స్థానాలతో రెండు నియోజకవర్గాలు చేస్తే? అప్పుడు 901 కావాలి, చెరోవైపు వున్నవి 600. ఇతరుల రెండో ఎంపికలు కలిసిరాకపోతే స్థానం మళ్లీ జారిపోతుంది. గీత వంకర కాకపోయినా, గీతల సంఖ్యే ఒకరిని ఓడించగలదు. మా వార్డు సభ్యుడెవరో తెలియకపోతే కుళాయి గురించి ఎవరినడగాలన్న ఆక్షేపణ వుంది. అది చిన్నది కాదు. అయినా ఏ వార్డులోనూ గెలవలేనివాడికి ఆ సభ్యుడు వుండీ ఒరిగేదేమిటి?

పౌరప్రాంతాలను నగరపాలక సంస్థలో కలపాలన్న ప్రతిపాదన వచ్చింది. 2023 లో హిమాచల్‌లోని యోల్ నుంచి పౌరప్రాంతాలను విడదీశారు కూడా. నగరపాలనలో ప్రజాస్వామ్యం వర్ధిల్లుతున్నదని భ్రమపడనక్కర లేదు. 2014 డిసెంబరు నుంచి 2016 ఫిబ్రవరి దాకా హైదరాబాదు నగరమూ ప్రత్యేకాధికారి కిందనే వున్నది. 2020 ఎన్నికలో అక్కడ వార్డులు 150; ఇక్కడి ఎనిమిది అందులో ఏమూల? కాని ఒక తేడా వుంది. అక్కడ ఓటర్ల జాబితాను శాసనసభ జాబితా నుంచే తయారు చేస్తారు. విలీనం జరిగితే, బోర్డు జాబితా నుంచి కొట్టివేసిన ఆ వేల పేర్లు తిరిగి రావటానికి ఎవరి దయా అక్కర లేదు. వాళ్ల పాకల కింది నేల ఎవరిదన్న తగాదా మాత్రం అప్పటికీ అక్కడే వుంటుంది.