రెండు ముక్కల్లో రుజువు

"బాగున్నారా?" అని ఊరినుంచి అడుగుతారు. "బాగున్నాం" అంటాము. కతార్ మొదటి చమురు బావి తవ్విన ఈ దుఖాన్‌లో కాపురముంటున్న మనకు ఈ సంభాషణ కొత్త కాదు. కాని ఆ జవాబుతో అమ్మకు ఏమి రుజువైనట్లు? బాగున్నా అదే మాట, బాగులేకున్నా అదే మాట. ఇంత పొట్టి జవాబుతో నిజం తేలుతుందా?

ఒక్కొక్కప్పుడు తేలుతుంది. ఇంటినుంచి వచ్చిన ఆవకాయా, కొట్లో కొన్నదీ ఒకటేనని ఇంటాయన వాదన. కాదని ఇల్లాలి వాదన. ఆయన చాటుగా నాణెం ఎగరవేసి, బొమ్మ పడితే ఇంటిది, బొరుసు పడితే కొట్టుది అందిస్తాడు. ఆమె కళ్లు మూసుకొని రుచి చూసి ఒక్క మాట చెబుతుంది. రెండూ నిజంగా ఒకటే అయితే, పదిసార్లూ సరిగ్గా చెప్పే అవకాశం 1,024లో ఒక వంతు. పదీ సరిపోతే, తన నాలుకకు తేడా తెలియకున్నా ఆయన ఒప్పుకోక తప్పదు. ఇక్కడ పనిచేసింది జవాబు పొడవు కాదు. అడిగినవాడు దాచుకున్న నాణెం.

ఇటువంటి ప్రశ్నోత్తర రుజువులకు 1985లో గోల్డ్‌వాసర్, మికాలీ, రాకాఫ్‌లు గణితరూపమిచ్చారు. అడిగేవాని శక్తి పరిమితం, చెప్పేవాని శక్తి అపారం. వాని నిజాయితీకి మాత్రం హామీ లేదు. సంభాషణ సాగనిస్తే ఎంతటి కఠిన సమస్యలు తేలుతాయో 1990లో షమీర్ చూపాడు. మరి చెప్పేవాడు పొదుపుగా మాట్లాడితే? గోల్డ్‌రైక్, హోస్టాడ్‌లు 1998లోనూ, గోల్డ్‌రైక్, వాధన్, విగ్డర్‌సన్‌లు 2002లోనూ దీనికి హద్దులు చూపారు. వందలమంది డ్యూటీలు ఒకదానికొకటి అడ్డురాకుండా సర్దవచ్చునా అన్నటువంటి చిక్కు సమస్యలకు రెండు ముక్కల రుజువు ఉండదనే వారి ఫలితాల సారాంశం. నిపుణులు గట్టిగా నమ్మే, ఇంకా రుజువుకాని ఒక ఊహ దీనికి ఆధారం.

మనవారి మాట నమ్మవద్దని మా భావం కాదు. నమ్మకం వేరు, రుజువు వేరు. ఒకదాన్ని మరొకటిగా పొరబడితేనే ప్రమాదం. కొత్తగా వచ్చిన కుర్రవాణ్ణి "అంతా సరేనా?" అని అడిగి, "సరే" అనగానే మన బాధ్యత తీరిందనుకుంటున్నాము. అతడు అబద్ధమాడలేదు, మనమిచ్చిన చోటులో అంతకన్న పట్టదు. అమ్మ అలా ఊరుకోదు. ఏం వండుకున్నారు, పిల్లవాడి దగ్గు తగ్గిందా, గొంతు అలా ఉందేం అని తిప్పితిప్పి అడుగుతుంది. పెద్ద ప్రశ్న వేసినవారు జవాబుకు తగిన చోటు కూడా ఇవ్వాలి. ఈ శుక్రవారం ఆ కుర్రవాణ్ణి భోజనానికి పిలుద్దాము. మాటలు మెల్లగా వాటంతట అవే వస్తాయి.